పటంలో వీపు తిరిగిన మనిషి

సముద్రం మధ్యలో ఒక బండ ఉండేది. బండ మీద ఒక దీపస్తంభం, దాని కింద ఒక గుడిసె. ఆ గుడిసెలో ఒక మనిషి తన ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేవాడు. రోజూ పొద్దు వాలగానే స్తంభం ఎక్కి దీపం వెలిగించడం అతని పని. పడవలవాళ్లు అతన్ని దీపం మనిషి అనేవాళ్లు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ బండ మీద ఎవరూ లేరు.

అతని ఊరు అవతలి ఒడ్డున ఉంది. గాలి తేటగా ఉన్న సాయంత్రాల్లో ఆ ఊరి దీపాలు కనిపిస్తాయి. అవి దీపాలో, నీళ్లకి ఆనుకుని పొడిచిన చుక్కలో తేల్చుకోవడానికి కాసేపు పడుతుంది. దీపం మనిషి ప్రతిసారీ ఆ కాసేపూ ఆగి తేల్చుకునే కిందికి దిగేవాడు.

ఆ ఊరికొక ఆనవాయితీ ఉంది. ఎవరు ఊరు విడిచి దూరం వెళ్తున్నా, బొమ్మలు రాసే ముసలాయన వాళ్లకొక పటం రాసి ఇస్తాడు. గుడ్డ మీద రాసి, చుట్టి, వెదురు గొట్టంలో పెట్టి ఇస్తాడు. అందులో ఊరంతా ఉంటుంది. అరుగులూ, బావీ, ఆరేసిన బట్టలూ, అన్నీ. పటం అంచున ఆ వెళ్లే మనిషి కూడా ఉంటాడు. ఎప్పుడూ వీపు తిప్పుకునే ఉంటాడు. వెళ్లేవాణ్ణి ఊరు ఆఖరిసారి చూసేది వెనకనుంచే కదా.

దూరాన పుట్టిన పిల్లలు ఈడుకి రాగానే ఆ పటం పట్టుకుని ఊరి గుమ్మం దగ్గరికి రావాలి. గుమ్మంలో ఒక పెద్దామె కూర్చుని ఉంటుంది. ఆమె అడిగేది ఒక్కటే. "పటంలో ఏం చూశారు?" జవాబు విని ఆమె తల ఊపితే పటం లోపలి చావడి గోడకి ఎక్కుతుంది, పిల్లలు ఊరివాళ్లవుతారు. ఊపకపోతే పటం తిరిగి గొట్టంలోకి పోతుంది. పిల్లల్ని మాత్రం ఒక్క మాట అనరు. పీట వేసి, నెయ్యి వడ్డించి, చుట్టాలకి పెట్టినట్టు కడుపునిండా పెట్టి, వచ్చిన పడవలోనే సాగనంపుతారు.

ఆ నెయ్యి భోజనం తల్చుకుంటే చాలు, దీపం మనిషి తింటున్నవాడల్లా మధ్యలోనే లేచిపోయేవాడు.

చిన్నది ఇంకా పాలు మానకముందే పిల్లల తల్లి పోయింది. బండ మీద వాళ్లకి ఆడుకోవడానికి ఇంకో పిల్ల లేదు, పోట్లాడటానికి ఇంకో పిల్లాడు లేడు. పెద్దాడు పీతలతో మాట్లాడేవాడు. చిన్నది తనతో తనే మాట్లాడుకునేది. అది వింటూ తండ్రి పళ్లెంలో చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. తను ఇక్కడ ఎలా బతికినా సరే, వీళ్లు మాత్రం ఊరివాళ్లవ్వాలి. అంతకుమించి అతను కోరుకున్నది లేదు.

అందుకని రోజూ పొద్దు వాలేముందు పటం పాఠం జరిగేది. పొయ్యి మీద జావకి నీళ్లు పడేసి, గోడకున్న మేకుకి పటం తగిలించేవాడు. నీళ్లు మరిగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, చూడటమే. నీళ్లు తెర్లడం మొదలవగానే అతను గొంతు సవరించుకునేవాడు.

"చెప్పండి. ఏముంది?"

పెద్దాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. "నీలం తలుపు. తలుపు పక్కన అరుగు. అరుగు మీద పులిజూదం ఆడుతున్న తాతలిద్దరు. అరుగుకి ఇవతల బావి. బావి దగ్గర ఆడవాళ్లు. ఒకామె చేద లాగుతోంది, ఒకామె బిందె తోముతోంది, ఒకామె ఊరికే కబుర్లు చెబుతోంది."

"బావికి అవతల?"

"దండెం మీద దుప్పటి. ఎర్రంచు."

"శభాష్. నువ్వు చెప్పవే."

చిన్నది ముక్కు పటానికి ఆనేంత దగ్గరికి వెళ్లేది. "నాన్నా, ఈ తాత ఓడిపోతున్నాడు."

"నీకెవరు చెప్పారు?"

"కాలివేళ్లు చూడు. ఎలా ముడుచుకున్నాడో."

"అడిగిందానికి చెప్పు. అరుగు మీద ఎంతమంది?"

"ఇద్దరు. ఒకాయన ఓడిపోతున్నాడు."

పెద్దాడు నవ్వేవాడు. తండ్రికి నవ్వొచ్చేది కాదు. గుమ్మంలో కూర్చున్న పెద్దామె ముందు ఈ పిల్ల ఇలాగే కాలివేళ్ల సంగతి ఎత్తుకుంటే ఏంగాను?

"మరి ఈయనెవరు?" అంది చిన్నది ఒకరోజు, పటం అంచున ఉన్న మనిషి మీద వేలు పెట్టి. "మనకి వీపు పెట్టి వెళ్తున్నాడు. చేతిలో లాంతరుంది."

"ఎవరో దారిన పోయేవాడు," అన్నాడు తండ్రి. "వేలు తియ్యి, రంగు పోతుంది."

అబద్ధం ఆడటం అతనికి ఇష్టం లేదు. కానీ అది నేనేనంటే, ఎందుకెళ్లావు అని అడుగుతుంది. ఆ రోజుల్లో పడవలు ఈ బండకి కొట్టుకుని పగిలిపోతుండేవి. ఎవరో ఒకరు వెళ్లి దీపం పెట్టాలన్నారు. చావట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను చెయ్యెత్తాడు. ఎందుకు ఎత్తాడో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఒక చలికాలం అతనికి జ్వరం తగిలింది. దీపం వెలిగించి కిందికి దిగడానికే ఓపిక సరిపోయేది. పగలంతా గోడవైపు తిరిగి పడుకునే ఉండేవాడు. పాఠం లేదు. ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకుని ఉండగా పిల్లల మాటలు వినిపించాయి.

"అన్నయ్యా, ఇవాళ నేను పంతులమ్మని. నువ్వు పటంలోకి వెళ్లు."

"ఎలా వెళ్లేది?"

"ముందు కాళ్లు కడుక్కో. ఊళ్లోకి ఇసక కాళ్లతో పోతారా ఎవరైనా?"

గచ్చు మీద కాళ్లు దులిపిన చప్పుడు.

"ఊఁ, వెళ్లాను. బావి దగ్గరున్నాను."

"ఏం వాసనొస్తోంది?"

పెద్దాడు గాలి ఎగబీల్చిన చప్పుడు. "తడితాడు వాసన."

"అది మన పడవ తాడు. ఇక్కణ్నుంచి పట్టుకుపోయావు. అక్కడి వాసన చెప్పు."

"నాకేం తెలుసే, నేనెప్పుడు చూశానని? నువ్వే చెప్పు."

"మేక వాసన."

"పటంలో మేకెక్కడుంది? నాన్న చెప్పలేదే."

"దుప్పటి వెనకుంది. చెవి కనబడటం లేదూ? దుప్పటి నముల్తోంది. చూడు, ఆ మూల ఎర్రంచు కాస్త చిరిగి లేదూ?"

జ్వరంలో వింటున్న మాటలేమో అనుకున్నాడు తండ్రి. పిల్లలు గవ్వలు ఏరుకుంటామని బయటికి పోయాక లేచి, గోడ పట్టుకుంటూ పటం దగ్గరికి వెళ్లాడు. దుప్పటి మూల నిజంగానే పీలికలై ఉంది. దాని పక్కన, గోధుమరంగులో, నువ్వుగింజంత చెవి.

అది తను పుట్టి పెరిగిన ఊరు. ఏళ్ల తరబడి రోజూ చూస్తున్న పటం. ఆ మేకని అతను ఎన్నడూ చూడలేదు. దాన్ని చూశాక మాత్రం అది ఎవరి మేకో, ఆ ఇంటావిడ దాన్ని ఎన్ని తిట్లు తిట్టేదో, ఆ తిట్లకి తన తల్లి ఎలా నవ్వేదో, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మంచం దాకా నడవలేక అక్కడే నేల మీద కూర్చున్నాడు.

జ్వరం తగ్గాక పాఠం మారింది. నీళ్లు మరిగేదాకా చూడటం అలాగే ఉంది. తర్వాత అడిగే ప్రశ్నే వేరు. "ఈ నీలం తలుపు వెనక ఏం జరుగుతోంది?" అనేవాడు. లేకపోతే, "ఇంకో ఘడియకి ఈ బావి దగ్గర ఎవరుంటారు?" అనేవాడు.

చిన్నది నోరు మూసేది కాదు. పెద్దాడికి మాత్రం కాళ్ల కింద నేల జారినట్టయింది.

"నాన్నా, ఇందులో సరైన జవాబు ఏది?"

"నాకూ తెలీదురా."

"తెలీకపోతే ఎలా?" అన్నాడు వాడు, కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ. తండ్రి చెప్పిన జవాబులే వాడికున్న ఊరు.

తండ్రి వాణ్ణి దగ్గరికి తీసుకుని, అరుగు మీది పులిజూదం చూపించాడు. "పులులెక్కడున్నాయో, మేకలెక్కడున్నాయో ఉన్నదున్నట్టు పరిచి చూడు." వాడు బండ మీద సుద్దతో గళ్లు గీశాడు. పులులకి నల్ల గవ్వలు, మేకలకి తెల్ల గవ్వలు పెట్టాడు. పటంలో ఒక్క కాయ తప్పకుండా చూసి పరిచి, ఇద్దరు తాతల తరఫునా తనే ఆడాడు. రోజల్లా ఆడాడు. సాయంత్రం వచ్చి నిలబడ్డాడు.

"చిన్నది చెప్పిందే నిజం నాన్నా. ఎటు ఆడినా ఆ తాత గెలవడు."

ఆ రాత్రి జావ తాగుతూ ముగ్గురూ ఆ తాత మీద జాలిపడ్డారు. ఆ గుడిసెలో నాలుగో మనిషి గురించి మాట్లాడుకోవడం అదే మొదలు.

ఇంకొన్నాళ్లకి చిన్నది పటం అంచు దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, ఈ కొంగు ఎవరిది?"

"ఏ కొంగు?"

లాంతరు మనిషికి ముందు, పటం అయిపోయేచోట, కుంకుమరంగు గీత ఒకటి ఉంది. అంచుకి వేసిన రంగు కుంచె జారి ఇవతలికి వచ్చిందని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఎవరో ఆయనకన్నా ముందే పటం దాటి వెళ్లిపోయారు," అంది చిన్నది. "కొంగు ఒక్కటే మిగిలింది. గాలికి వెనక్కి ఎగిరింది చూడు."

తండ్రి ఆ గీత మీదికి వంగి చూశాడు. ఊరు విడిచిన రోజున అతను రేవులో తటపటాయిస్తుంటే, అతని భార్య చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ముందే పడవలోకి దూకింది. "దిగులు పడుతూ నిలబడితే పోటు ఆగుతుందా, రండి!" అంది. రేవులో పటం చేతికిచ్చేముందు బొమ్మలు రాసే ముసలాయన ఆ మాట విని ఈ గీత గీశాడన్నమాట.

"నీళ్లు పొంగుతున్నాయి, చూడండి," అని చెప్పి అతను బయటికి వెళ్లిపోయాడు.

సామాన్లు తెచ్చే పడవ ఒక ముసలమ్మది. నోరు పెద్దది, చెయ్యి గట్టిది. ఆ నెల ఉప్పూ బియ్యమూ దింపుతూ ఆమె పిల్లల్ని ఎగాదిగా చూసింది.

"దీపం నాయనా, పిల్లలు ఈడుకొచ్చారు. గాలి తిరగ్గానే వస్తాను, సిద్ధం చెయ్యి. ఇంకా ఆలస్యం చేశావంటే వీళ్లకి మొప్పలు మొలుస్తాయి."

పడవ కనుమరుగయ్యేసరికి పాత భయం మళ్లీ పట్టుకుంది. గుమ్మం పెద్దామె, పీట, నెయ్యి. మేక చెవి చెబితే ఊరివాళ్లని చేస్తారా? కాలివేళ్లు చెబితే చేస్తారా? అందరి పిల్లలూ అరుగులూ బావులూ వరసగా అప్పజెబుతుంటే తన పిల్లలు ఊహించిన కబుర్లు చెబితే, అక్కడివాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని పీట వెయ్యరూ?

"ఆటలు చాలు," అన్నాడు ఆ సాయంత్రం. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నీలం తలుపు. తర్వాత?"

పెద్దాడి ప్రాణం కుదుటపడింది. చిన్నది మాత్రం అడిగిన వాటికి ఒక్కో మాటలో జవాబిచ్చి, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. మళ్లీ ఏమీ అడగలేదు. రోజూ చీకటిపడే వేళకి అన్నాచెల్లెళ్లు స్తంభానికి ఎదురుగా ఉన్న గుమ్మం మెట్టు మీద కూర్చుని తండ్రి దీపం వెలిగించి దిగేదాకా ఎదురుచూసేవాళ్లు. సముద్రపు గాలి లోపలికి కొట్టకుండా తలుపు మూసేవాళ్లు. పెద్దాడు స్తంభం వైపు తిరిగి కూర్చునేవాడు, చిన్నది తలుపు వైపు తిరిగి కూర్చునేది. తండ్రి మెట్లు దిగే చప్పుడు వినగానే ఇద్దరూ తలుపు బయటి గోడకి వాల్చేసి పళ్లేలు పెట్టడానికి లోపలికి పరిగెత్తేవాళ్లు. ఆ రోజుల్లో తండ్రి దిగేసరికి ఆ పిల్ల వేళ్లన్నీ నల్లగా ఉండేవి. దీపం అద్దానికి పట్టిన మసి తుడవడం దాని వంతు పని, అందుకని అతను పట్టించుకోలేదు.

పడవ వచ్చే రోజు పొద్దున్న అతను పటాన్ని చుట్టడానికి మేకు మీంచి దించాడు. దించి తిరగేసి చూసి కొయ్యబారిపోయాడు.

పటం వెనక ఉత్త గుడ్డ. ఇప్పుడది ఉత్త గుడ్డ కాదు. అంచున, సరిగ్గా లాంతరు మనిషి వెనకపక్క, మసితో ఒక ముఖం గీసి ఉంది.

"ఏమిటే ఇది!" అతని అరుపుకి బయట పక్షులు లేచాయి. "దీని మీద మచ్చ పడకుండా ప్రాణంలా దాచానే! ఏం చేశావే!"

చిన్నది వణుకుతూనే జవాబు చెప్పింది. "ఇటునుంచి వీపే కనబడుతోంది నాన్నా. అటు తిప్పితే ముఖం ఉంటుంది కదా అని."

అతను తడిగుడ్డ తెచ్చి, వేలికి చుట్టి ఆ ముఖం మీద రుద్దాడు. మసి పోలేదు, బుగ్గ దగ్గర కాస్త అలుక్కుంది. అప్పుడే ఆ ముఖం పక్కన ఇంకో ముఖం చూశాడు. కొంగు వెనకపక్క, పటం దాటి వెళ్లినామె ముఖం. అది తల్లిని ఎరగని పిల్ల. పెద్దాడి కళ్లూ, తన గడ్డమూ కలిపి గీసింది. ఆమె వెనక్కి తిరిగి ఆ మనిషిని రండి అంటున్నట్టు నోరు కొంచెం తెరిచి ఉంది.

అతను తడిగుడ్డ పక్కన పెట్టేశాడు. పటాన్ని అలాగే చుట్టి గొట్టంలో పెట్టాడు. పిల్లలు పడవెక్కేటప్పుడు ఏం చెప్పాలో తోచక, "వరస తప్పకండి," అన్నాడు. పెద్దాడు తల ఊపాడు. చిన్నది పడవ మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

తర్వాత గుడిసె చాలా పెద్దదయిపోయింది. గోడ మీద పటం ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. సాయంత్రం నీళ్లు పెట్టి, అలవాటుగా దాని ముందు కూర్చునేవాడు. నీళ్లు మరిగేవి. అడగడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. తలుపు వెయ్యడం మానేశాడు. పగలూ రాత్రీ అది బయటి గోడకి ఆనుకుని తెరుచుకునే ఉండేది. గాలి లోపలికొచ్చి వెళ్లేది. అద్దం మసి తనే తుడుచుకునేవాడు. స్తంభం మీదికెక్కి ఊరి దీపాల్ని మునుపటికన్నా ఎక్కువసేపు చూసేవాడు. పిల్లలకి పీట వేశారా, వెయ్యలేదా? ఆ దీపాల్లో దేనికింద కూర్చున్నారు?

ఒక సాయంత్రం పడవ కనిపించింది. పరుగున రేవుకి దిగాడు. పడవలో ముసలమ్మ ఒక్కతే ఉంది. పిల్లలు లేరు. వాళ్లు ఊళ్లోనే ఉన్నారని ఊరట, ఇంటికి రాలేదని దిగులు. రెండూ ఒక్కసారే.

"మొహం అలా పెట్టకు నాయనా, ముందు నన్ను దిగనీ," అంది ముసలమ్మ తాడు విసురుతూ. "పెద్దామె తల ఊపింది. నీ పిల్లలు ఊరివాళ్లయ్యారు."

అతను తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఏం చెప్పారు? వరసగా చెప్పారా?"

"నీ కొడుకు మొదలెట్టాడు. నీలం తలుపు అన్నాడు. అని, ఊళ్లోకి చూసి ఆగిపోయాడు. ఆ తలుపుకి ఆకుపచ్చ వేసి ఎంతకాలమైందో! ఇక వాడి నోట మాట లేదు, పాపం. అప్పుడు నీ కూతురు పటం తిరగేసింది." ముసలమ్మ బియ్యం మూట అతని భుజానికెత్తింది. "పెద్దామె ఎంతసేపు చూసిందో తెలుసా? నా కాళ్లు లాగేశాయి. చివరికి బుగ్గ మీద మరక చూపించి, ఇదెవరి వేలు అంది. మా నాన్నది అంది నీ కూతురు. అంతే. ఇంకేమీ అడగలేదు."

"పటం గోడకెక్కించారా?"

"గోడకా? గోడకి పెడితే ఒక పక్కే కదా కనబడేది. గుమ్మానికి వేలాడదీశారు. గాలికి తిరుగుతుంటుంది. ఒకసారి నీ వీపు, ఒకసారి నీ మొహం. పెళ్లాంతో సహా."

అతను మూట దించి దాని మీద కూర్చున్నాడు. "ఇక సుఖంగా ఉంటారు."

"ఉంటారు, ఉంటారు. ఇంకో సంగతుంది, విను. ఊరివాళ్లయిన మర్నాడే ఇద్దరూ బొమ్మలు రాసే ముసలాయన గుమ్మంలో కూర్చున్నారు. మా పటం ఏది అన్నారు."

"ఏం పటం?"

"ఊరు విడిచినవాళ్లకి పటం ఇవ్వాలి కదా, మేం మా ఊరు విడిచి వచ్చాం, మాకు ఇవ్వరేం అన్నారు. ఊరంతా పడీపడీ నవ్వింది నాయనా. ఊళ్లోకి వచ్చి ఊరు విడిచామంటారేమిట్రా అని. ముసలాయన ఒక్కడే నవ్వలేదు. కుంచె కడుక్కుని కూర్చుని, మీ ఊరు చెప్పండి అన్నాడు."

దీపం మనిషి చుట్టూ చూశాడు. నల్ల బండ, రెట్టలు పడిన మెట్లు, ఒంటి గుడిసె. దీన్ని ఎవరైనా ఊరని అంటారని అతనికి ఎన్నడూ తట్టలేదు.

"ఎన్ని చెప్పారనుకున్నావు! తుప్పు పట్టిన గొళ్లెం చెప్పారు. నీ చొక్కా ఆరేసే తాడు చెప్పారు. మెట్టు పగుల్లో గడ్డిపరక ఒకటి ఉంటుందట, గాలికి అది ఎటు వాలితే అటు వాన వస్తుందట. ఏదీ, ఎక్కడుంది?"

"నాకు తెలీదు," అన్నాడు అతను.

ముసలమ్మ వంగి వెతికింది. "ఇదిగో, ఉంది! సరే, అన్నీ కుదిరాయి. ఒక్కదగ్గరే గొడవ. నువ్వు పైన దీపం వెలిగిస్తున్నట్టు రాయాలి కదా. నీ కొడుకేమో, నాన్న మాకు వీపు పెట్టి అటు ఊరివైపే చూస్తుండేవాడు అంటాడు. కూతురు ఒప్పుకోదు. కాదు, రోజూ నాన్న మా వైపే చూసేవాడు అంటుంది. జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ముసలాయన కుంచె దించేసి, నువ్వు పోయి చూసి రా అన్నాడు నన్ను."

అతను తల వంచుకున్నాడు. "పిల్లాడు చెప్పిందే నిజం అవ్వా. అదే రాయమను."

"నిన్నెవరడిగారు? చూసి రమ్మన్నాడు. పొద్దు వాలుతోంది, నీ పని నువ్వు చూసుకో."

ఆమె వెళ్లి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. గాలి కొడుతోందని తలుపు దగ్గరికి వేసింది.

అతను స్తంభం ఎక్కాడు. ఒకరు చూస్తున్నారని తెలిస్తే రోజూ చేసే పని కూడా చేతకాకుండా పోతుంది. ఇవాళ ఒక్కరోజు గుడిసెవైపు తిరిగి నిలబడితే? అలా తిరిగి వెలిగించి చూశాడు. అగ్గి నిలవలేదు. గాలి సముద్రం మీంచి వస్తోంది, దానికి ఎదురుగా తిరిగి చేతులు అడ్డం పెడితేనే వత్తి అంటుకుంటుంది. చివరికి ఎప్పటిలాగే నిలబడ్డాడు. ఎదురుగా దీపం, దాని వెనక సముద్రం, ఆపైన ఊరు. వత్తి అంటుకుంది. గుడిసెకి వీపు పెట్టి, ఊరి దీపాలు కనబడేదాకా ఉండి, దిగాడు.

ముసలమ్మ మెట్టు మీంచి లేచి చీర దులుపుకుంటోంది.

"చూశావా అవ్వా?"

"చూశాను. పిల్లది అబద్ధాలకోరు అనుకుంటూ వచ్చాను ఇంతదూరం." ఆమె అతన్ని వింతగా చూసింది. "నీ తలుపు నువ్వెప్పుడూ చూళ్లేదా నాయనా?"

పోటు తిరుగుతోందని ఆమె గబగబా రేవుకి దిగింది. తెడ్ల చప్పుడు దూరమైంది.

అతను తలుపు ముందుకి వచ్చాడు. మూసి ఉన్నప్పుడు ఆ తలుపు ఇవతలి ముఖం అతను చూసింది లేదు. పగలు అది బయటి గోడకి ఆనుకుని తెరిచి ఉండేది. మూసి ఉండే వేళకి తను పైన ఉండేవాడు. స్తంభం మీది వెలుగు ఇప్పుడు దాని మీద పడుతోంది.

తలుపు మీద నిలువెత్తున మసి గీత ఒకటి ఉంది. భుజాలు, తల, అడ్డం పెట్టిన చేతులు. దీపం ముందు నిలబడ్డ మనిషి నీడ ఎక్కడ పడుతుందో అక్కడ, ఆ నీడ అంచు వెంట గీసిన గీత. లోపల కళ్లున్నాయి, ముక్కుంది, నోరుంది. కుడి కనుబొమ మీద తనకున్న పాత గాటు కూడా ఉంది. కళ్లు కిందికి, గుమ్మం మెట్టు మీదికి చూస్తున్నాయి. ఒక బుగ్గ దగ్గర చెక్క నున్నగా మెరుస్తోంది, ఏదో చిన్న చెయ్యి రోజూ అక్కడే ఆనినట్టు.

దీపం మనిషి లోపలికి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, మెట్టు మీద చిన్నది కూర్చునేచోట తలుపుకి ఎదురుగా కూర్చున్నాడు.

లోపల నీళ్లు మరిగాయి. తెర్లి, పొంగి, పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు.